కల్యాణ సభలో తలెత్తి నిలిచిన అక్క మహాదేవి

బీదరు జిల్లాలోని బసవకల్యాణం పేరు వినగానే ఎవరికైనా మొదట బసవేశ్వరుడు, ఆ తరువాత అల్లమప్రభువు స్ఫురణకు వస్తారు. ఆ మహనీయుల సరసన, వారితో సమానమైన గౌరవాన్ని అందుకొని నిలిచిన స్త్రీమూర్తి అక్క మహాదేవి. పన్నెండవ శతాబ్దంలో కన్నడ దేశపు మలెనాటిలో పుట్టి, కల్యాణ పట్టణంలో శరణుల సభను మెప్పించి, తెలుగు నేల మీది శ్రీశైలంలో జీవితాన్ని ముగించిన ఈ విరాగిణి కథ కన్నడ, తెలుగు సీమలు రెండింటికీ ఉమ్మడి సంపద. కన్నడ కవయిత్రులలో తొలి తరానికి చెందిన ఆమె వచనాలు ఎనిమిది వందల ఏళ్లు గడచినా వాడలేదు.

మహనీయ వనితల జీవితాలను రేపటి తరానికి అందించాలన్న తపన మన దేశంలో కొత్తది కాదు. తెలుగులో భండారు అచ్చమాంబ 1901లో అబలా సచ్చరిత్ర రత్నమాల తొలి భాగాన్ని ప్రచురించి, చరిత్రలోని స్త్రీల జీవితాలను ఒకచోట చేర్చింది. 1967లో అనంత్ పాయ్ ఆరంభించిన అమర చిత్రకథ మీరాబాయి వంటి వారిని రంగుల బొమ్మలలో పిల్లల చేతికి అందించింది. అయితే బొమ్మల పుస్తకానికి ఒక బలం, ఒక బలహీనత ఉన్నాయి. ఒక్క బొమ్మ పిల్లల మనసులో జీవితాంతం నిలిచిపోతుంది. ఝాన్సీ రాణి అంటే వీపున బిడ్డను కట్టుకొని గుర్రమెక్కిన వీరనారి. మీరా అంటే చేత తంబూర పట్టిన భక్తురాలు. అదే విధంగా అక్క మహాదేవి అంటే నిడుపాటి కురులతో దేహాన్ని కప్పుకొన్న సన్యాసిని. ఆ చిత్రం అసత్యం కాదు. కాని ఆమె వదలినది ఏమిటో చూపగలిగిన ఆ చిత్రం, ఎందుకు వదలిందో, వదలిన తరువాత ఏమి సాధించిందో చెప్పదు. అది తెలియాలంటే ఆమె జీవితాన్ని మొదటి నుండి తెలుసుకోవాలి.

ఉడుతడి బాలిక

నేటి శివమొగ్గ జిల్లా శికారిపుర ప్రాంతంలోని ఉడుతడి ఆమె జన్మస్థలం. ఆమె తల్లిదండ్రులు శివభక్తులు. నిర్మలశెట్టి, సుమతి అని వారి పేర్లను సంప్రదాయం చెబుతున్నది. ఉడుతడికి చేరువలోనే బళ్లిగావి ఉన్నది. ఆనాడు అది దేవాలయాలతో, మఠాలతో, విద్యాస్థానాలతో విలసిల్లిన పెద్ద పట్టణం. తరువాతి కాలంలో కల్యాణంలో మహాదేవిని నిలదీసి ప్రశ్నించిన అల్లమప్రభువు కూడా ఆ బళ్లిగావి వాడే. ఒకే సీమలో పుట్టిన ఇద్దరు ఎక్కడో ఉత్తరాన కల్యాణంలో ఎదురుపడటం ఈ కథలోని ఒక విశేషం.

బాల్యంలోనే మహాదేవికి లింగదీక్ష లభించింది. శ్రీశైల మల్లికార్జునుని ఆమె చెన్నమల్లికార్జునుడని పిలుచుకొన్నది. చెన్న అనగా అందమైన అని అర్థం. ఆ పేరే ఆమె వచనాలన్నింటికీ ముద్రిక అయింది. చెన్నమల్లికార్జునుడే తన భర్త అని చిన్ననాడే నిశ్చయించుకొన్న ఆ బాలిక, ఆ మాటను ఆటగా కాక వ్రతంగా స్వీకరించింది. ఆనాటి సమాజంలో ఆడపిల్ల వివాహాన్ని తల్లిదండ్రులు, కులపెద్దలు, బలవంతుడైన దొర నిర్ణయించేవారు. తన జీవితం ఎవరితో ముడిపడాలో తానే నిర్ణయించుకొంటానని ఒక బాలిక అనుకోవడమే ఆ కాలానికి సాహసం.

కౌశికుని రాజగృహం

ఆ ప్రాంతాన్ని పాలించే కౌశికుడు ఒకనాడు ఊరేగింపుగా వస్తూ ఆమెను చూశాడు. ఆమె సౌందర్యానికి మోహితుడై వివాహమాడ నిశ్చయించి మంత్రులను పంపాడు. తల్లిదండ్రులు భయపడ్డారు. రాజు కోరికను కాదంటే ఆ ఇంటికి ఏ గతి పట్టునో ఊహించడం కష్టం కాదు. ఇక్కడి నుండి పూర్వకవులు రెండు దారులలో నడిచారు. పదమూడవ శతాబ్దికి చెందిన హరిహరుడు తన రగళె కావ్యంలో మహాదేవి షరతులు విధించి వివాహానికి అంగీకరించిందని రాశాడు. తన ఇష్టప్రకారం శివపూజ చేసుకోవడం, శివభక్తులతో గోష్ఠి జరపడం, గురుసేవ చేసుకోవడం ఆమె కోరినవి. ఈ నియమాలను అతడు మూడుసార్లు అతిక్రమిస్తే తాను స్వతంత్రురాలనని స్పష్టం చేసింది. పదిహేనవ శతాబ్దికి చెందిన చామరసుడు ప్రభులింగలీలలో ఆమె వివాహమే జరగలేదని చెప్పాడు.

ఈ రెండు కథనాలలో ఏది స్వీకరించినా సారాంశం ఒక్కటే. హరిహరుని మహాదేవి తల్లిదండ్రుల కోసం రాజగృహంలో అడుగుపెట్టినది, కాని తన స్వేచ్ఛను తాకట్టు పెట్టలేదు. కౌశికుడు మాట తప్పాడు. ఒకసారి, రెండుసార్లు ఆమె సహించింది. మూడవసారి ఒప్పందం ముగిసింది. ఆమె కోపంతో గడప దాటలేదు, ముందే చెప్పిన మాట ప్రకారం దాటింది. బాలల కథలో చెప్పదగిన ఘట్టం ఇదే. రాజైనా, పేదైనా ఇచ్చిన మాటకు కట్టుబడాలి. కట్టుబడనివానికి ఎదుటివారి మీద హక్కు ఉండదు.

రాజుకు చెందినది ఏదీ తన వెంట రాకూడదని ఆమె నగలను, పట్టుపుట్టాలను, చివరకు కట్టుబట్టలను సైతం అక్కడే వదిలివేసిందని జనశ్రుతి. అప్పటి నుండి కురులే ఆమెకు వస్త్రం. ఈ ఘట్టాన్ని పిల్లలకు చెప్పడానికి పెద్దలు సంకోచిస్తారు. కొన్ని పుస్తకాలు ఆమెకు తెల్లచీర కట్టిస్తాయి. మరికొన్ని ఈ సంగతినే దాటవేస్తాయి. సంకోచానికి కారణం లేకపోలేదు. కాని దాటవేసిన చోటే కథ దెబ్బతింటుంది. ఆమె త్యాగంలో సిగ్గుమాలినతనం లేదు, కసి లేదు. తనను ఒక వస్తువుగా చూసిన ఐశ్వర్యం నుండి నూలుపోగైనా తనకు అక్కరలేదన్న నిరాకరణ ఉన్నది. ఆ మాటను సరళంగా చెబితే పిల్లలకు అర్థం కానిది ఏమీ లేదు.

ఒంటరి ప్రయాణం

ఉడుతడి నుండి కల్యాణానికి సూటిగా కొలిచినా నాలుగు వందల కిలోమీటర్లకు పైగా దూరం ఉంటుంది. మలెనాటి అడవులను వదలి, కృష్ణా భీమా నదులను దాటి, నల్లరేగడి మైదానాల మీదుగా సాగవలసిన దారి అది. యువతి, ఒంటరిది, తోడు లేదు, తలదాచుకొనే ఇల్లు లేదు. ఆకలి వేస్తే ఊళ్లలో భిక్ష, దప్పికకు చెరువులు, బావులు, నిద్రకు పాడుబడిన గుడులు తనకున్నాయన్న భావం ఆమె వచనాలలో కనిపిస్తుంది. దారిలో ఎదురైన వేధింపుల జాడలు కూడా వాటిలో ఉన్నాయి. తన వెంటబడినవారిని ఆమె బెదిరించలేదు, ప్రాధేయపడలేదు. తాను మరొకరికి చెందినదాననని, ఈ దేహం మీద మోజు వ్యర్థమని వారికి బోధించింది.

ఆమె గమ్యం కల్యాణం కావడానికి బలమైన కారణం ఉన్నది. పదకొండవ శతాబ్దంలో మొదటి సోమేశ్వరుడు చాళుక్య రాజధానిని మాన్యఖేటం నుండి కల్యాణానికి మార్చాడు. ఆరవ విక్రమాదిత్యుని కాలంలో మహాకవి బిల్హణుడు, మితాక్షర కర్త విజ్ఞానేశ్వరుడు ఈ నగరాన్ని అలంకరించారు. మహాదేవి నాటికి చాళుక్యుల బలం సన్నగిల్లి, కలచురి బిజ్జలుడు సింహాసనాన్ని ఆక్రమించాడు. అతని వద్ద భండారిగా ఉన్న బసవేశ్వరుడు, కులాన్ని బట్టి కాక కాయకాన్ని బట్టి, భక్తిని బట్టి మనిషికి విలువ కట్టే నూతన సమాజానికి ఇక్కడ పునాదులు వేశాడు.

శరణ సంప్రదాయం అనుభవ మంటపమని పిలిచే ఆ సభకు అల్లమప్రభువు అధ్యక్షుడు. ఆయన పీఠానికి శూన్యసింహాసనమని పేరు. చాకలి వృత్తి చేసుకొనే మడివాళ మాచయ్య, పడవ నడిపే అంబిగర చౌడయ్య, చెప్పులు కుట్టే హరళయ్య అందులో సభ్యులు. స్త్రీలు కూడా తక్కువ కాదు. బసవన్న సోదరి అక్క నాగమ్మ, భార్యలు గంగాంబిక, నీలాంబిక, రాలిన బియ్యపు గింజలు ఏరుకొని జీవించిన ఆయ్దక్కి లక్కమ్మ, నూలు వడికే కదిరె రెమ్మవ్వ, కసవు ఊడ్చే సత్యక్క వంటివారు వచనాలు చెప్పారు. ముప్పై మందికి పైగా వచనకర్త్రులు ఒకే ఉద్యమంలో వెలువడటం ఆ కాలపు భారతదేశంలో అపురూపం. ఇల్లు విడిచిన మహాదేవికి తన మాటను వినగలిగిన చోటు ఒకటి ఉన్నదంటే అది కల్యాణమే.

సభలో పరీక్ష

కాని కల్యాణం ఆమెను పూలతో ఆహ్వానించలేదు. ముందుగా కిన్నరి బొమ్మయ్య ఆమెను కఠినంగా పరీక్షించి, ఆమె నిష్ఠకు తలవంచాడు. తరువాత నిండుసభలో అల్లమప్రభువు ప్రశ్నలు ఆరంభమయ్యాయి. పదిహేనవ శతాబ్దంలో శివగణప్రసాది మహాదేవయ్య సంకలనం చేసిన శూన్యసంపాదనె ఈ సంవాదాన్ని విస్తారంగా చిత్రించింది.

అల్లముడు మొదట ఆమె యవ్వనాన్ని ప్రశ్నించాడు. నిండు ప్రాయంలో ఉన్న స్త్రీకి ఈ సభలో ఏమి పని అన్నాడు. భర్త ఎవరో చెప్పమన్నాడు. చెన్నమల్లికార్జునుడే తన భర్త అని, పుట్టుక, చావు ఉన్న భర్తలతో తనకు నిమిత్తం లేదని ఆమె బదులు చెప్పింది. ఆ మీదట ఆయన మర్మస్థానాన్ని తాకే ప్రశ్న వేశాడు. సర్వం విడిచినదానివైతే దేహాన్ని కురులతో కప్పుకోవడం దేనికి, ఇంకా సిగ్గు మిగిలి ఉన్నందుకే కదా అన్నది ఆ ప్రశ్న సారం. సభ నిశ్శబ్దమైంది. మహాదేవి తొట్రుపడలేదు. ఆ కప్పు తన కోసం కాదని, చూసేవారి మనసులు చలించి నొచ్చుకోకుండా ఉండటానికని వివరించింది. ప్రశ్న ఆమె దేహం గురించి వచ్చింది, సమాధానం చూసేవారి దృష్టి గురించి వెళ్లింది.

ఆమె సమాధానాలలో వినయం ఉన్నది, కాని లొంగుబాటు లేదు. ఎంతటి జ్ఞాని ఎదుట నిలిచినా ప్రశ్నకు ప్రశ్నగా, తర్కానికి తర్కంగా, అనుభవానికి అనుభవంగా బదులివ్వగలిగింది. చివరకు అల్లమప్రభువు ఆమె పరిపక్వతను అంగీకరించి ప్రణమిల్లాడు. బసవన్న, చెన్నబసవన్న ఆమెను కీర్తించారు. పెద్దల వచనాలను మెట్లు మెట్లుగా తూచిన చెన్నబసవన్న, అన్నిటికంటె పై మెట్టున మహాదేవి వచనాన్ని నిలిపాడు. సభలో ఎందరికంటెనో వయసులో చిన్నదైన ఆమె ఆనాటి నుండి అందరికీ అక్క అయింది. కన్నడంలోను, తెలుగులోను ఒకే అర్థం కలిగిన ఆ చిన్న పదం ఆమెకు లభించిన బిరుదులన్నిటిలో గొప్పది. పుట్టుక వలన వచ్చిన వరుస కాదది, ప్రతిభ వలన వచ్చిన పెద్దరికం.

శ్రీశైల యాత్ర

కల్యాణంలో ఆదరం లభించిన తరువాత ఆమె అక్కడే స్థిరపడి ఉండవచ్చు. కాని ఆమె లక్ష్యం సభాగౌరవం కాదు. శరణుల ఆశీస్సులతో శ్రీశైలానికి బయలుదేరింది. కల్యాణం నుండి శ్రీశైలం సూటిగా మూడు వందల కిలోమీటర్లకు కొంచెం తక్కువ. తెలుగు పల్లెల మీదుగా, నల్లమల అడవుల గుండా సాగిన ఈ ప్రయాణంలో ఆమె వచనాలు మరింత ఆర్ద్రతను సంతరించుకొన్నాయి. పక్షులను, చెట్లను, కొండలను పలకరించి తన ప్రియుని జాడ అడిగే వేదన వాటిలో వినిపిస్తుంది. చివరకు శ్రీశైలం చేరువలోని కదళీవనంలో తపస్సు చేసి, చిన్న వయసులోనే చెన్నమల్లికార్జునునిలో ఐక్యమైందని భక్తుల విశ్వాసం.

ఆమె వెళ్లిన తరువాత కల్యాణంలో ఉపద్రవం సంభవించింది. చెప్పులు కుట్టే హరళయ్య కుమారునికి, బ్రాహ్మణుడైన మధువరసుని కుమార్తెకు శరణులు జరిపిన వివాహం రాజాగ్రహానికి కారణమైంది. ఆ తండ్రులిద్దరికీ మరణశిక్ష పడింది. 1167 ప్రాంతంలో బిజ్జలుని పాలన ముగిసింది, శరణులు చెదరిపోయారు. అక్క నాగమ్మ, చెన్నబసవన్న వచనాల తాళపత్రాలతో ఉళవి వైపు సాగిపోయారని సంప్రదాయం. కల్యాణం కూలినా వచనం బ్రతికింది.

ఆ కథ తెలుగువారికి చేరడానికి ఎంతో కాలం పట్టలేదు. పాల్కురికి సోమనాథుడు ద్విపదలో బసవపురాణాన్ని రచించి శరణుల చరిత్రను తెలుగు జనుల నాలుకలపై నిలిపాడు. 1369లో భీమకవి ఆ తెలుగు కావ్యాన్నే కన్నడంలోనికి తెచ్చాడు. కన్నడ సీమలో జరిగిన కథ తెలుగులో కావ్యమై, తిరిగి కన్నడానికి చేరిందన్నమాట. 1956కు పూర్వం జహీరాబాదు, నారాయణఖేడ్ బీదరు జిల్లాలోనివే. భాషలను బట్టి గీసిన గీతలకు ఎన్నో శతాబ్దాల ముందే అక్క మహాదేవి పాదాలు ఈ రెండు సీమలను కలిపాయి.

వచన సంపద

అక్క మహాదేవి పేరిట నాలుగు వందలకు పైగా వచనాలు లభిస్తున్నాయి. యోగాంగ త్రివిధి అనే త్రిపది రచన కూడా ఆమెదే. ఛందోబంధం లేని వచనాన్ని ఆమె పండితుల భాషలో కాక ఇంటి భాషలో నడిపింది. పట్టుపురుగు, తుమ్మెద, మామిడి, వెన్నెల, పాముల వాడు, సంత మొదలైనవి ఆమె ఉపమానాలు. రాజగృహపు వైభవం కాక పల్లె జీవితమే ఆమెకు కవితా సామగ్రి అయింది.

శతాబ్దాల పాటు మఠాలలోను, ఇళ్లలోను తాళపత్రాలుగా మిగిలిన వచనాలను వెలికితీయడానికి ఫ. గు. హళకట్టి జీవితాన్ని ధారపోశారు. 1923లో ఆయన ప్రకటించిన వచనశాస్త్రసారం వచన సాహిత్య పునరుజ్జీవనానికి నాంది. 1973లో ఏ. కె. రామానుజన్ ఆంగ్లానువాద గ్రంథంలో బసవన్న, దాసిమయ్య, అల్లమునితో పాటు మహాదేవికి స్థానమిచ్చి ఆమెను ప్రపంచ పాఠకుల ముందు నిలిపారు. విజయపురలో 2003లో నెలకొన్న రాష్ట్ర మహిళా విశ్వవిద్యాలయానికి 2017లో అక్క మహాదేవి పేరు పెట్టారు. బసవకల్యాణంలో నూతన అనుభవ మంటపానికి 2021 జనవరిలో శంకుస్థాపన జరిగింది. కన్నడ దేశం నుండి ఉగాదికి కాలినడకన శ్రీశైలం వచ్చే భక్తులు నేటికీ వేల సంఖ్యలో ఉన్నారు. కృష్ణలో పడవ మీద సాగి చేరుకొనే అక్క మహాదేవి గుహలు ఆమె స్మృతిని తెలుగు నేల మీద నిలిపి ఉంచాయి.

బాలలకు అందవలసిన అక్క

ఆమె జీవితాన్ని పిల్లలకు చెప్పేటప్పుడు రెండు అతివాదాలు ఎదురవుతాయి. ఒకటి ఆమెను కేవలం దైవాంశగా చూపి, మామూలు బాలికలకు అందని ఎత్తున కూర్చోబెట్టడం. రెండవది రాజును వదలిన అందగత్తె కథగా కుదించడం. మొదటిదానిలో పూజ తప్ప ప్రేరణ మిగలదు. రెండవదానిలో కౌశికుడే కథానాయకుడవుతాడు. నిజానికి ఆమె జీవితంలో కౌశికుడు ఒక అధ్యాయం మాత్రమే. ఆ తరువాత ఆమె నడిచిన దారి, ఎదుర్కొన్న సభ, చెప్పిన వచనం అంతకంటె విలువైనవి.

కనుక ఆమె కథకు ముఖచిత్రం గీయవలసి వస్తే అది కురులు కప్పుకొని ఒంటరిగా నడిచే చిత్రం మాత్రమే కానక్కరలేదు. చాకలి, పడవవాడు, చెప్పులు కుట్టేవాడు, నూలు వడికే స్త్రీ, మంత్రి కూర్చున్న నిండుసభలో శూన్యసింహాసనం ఎదుట తలెత్తి మాట్లాడుతున్న యువతి చిత్రం కావచ్చు. ఆ సభ జరిగిన నేల బీదరు జిల్లాలోనిది. పెద్దల ఎదుట ఆడపిల్ల ప్రశ్నకు బదులిస్తే ఎదురు మాట్లాడటమని మందలించే ఇళ్లు నేటికీ లేకపోలేదు. ఆ ఇళ్లలోని బాలికలకు, వారిని పెంచే పెద్దలకు కూడా తెలియవలసిన సంగతి ఒకటున్నది. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఒక యువతి ఇదే గడ్డ మీద జ్ఞానవృద్ధుల ప్రశ్నలన్నింటికీ జంకు లేకుండా బదులు చెప్పింది, ఆ వృద్ధులు ఆమెను మందలించలేదు, అక్కా అని నమస్కరించారు.